గిటార్ కార్డ్ మారేచోట పాట ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: నమస్తే అండీ. నా వయసు 36. నాలుగు నెలల కిందట గిటార్ మొదలుపెట్టాను. ఏ మైనర్, సి, జి, డి, ఇ మైనర్ కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించే పట్లు) విడివిడిగా పట్టుకుంటే బాగానే పలుకుతున్నాయి. పాట ఎత్తుకుంటే మాత్రం కార్డ్ మారాల్సిన చోట చెయ్యి ఆగిపోతుంది. ఒక్కో వేలూ వెతుక్కుని పెట్టేలోపు పాట ముందుకు వెళ్లిపోతుంది. జి నుంచి సికి వెళ్లడం మరీ కష్టంగా ఉంది. ఎఫ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎవరిని అడిగినా 'ప్రాక్టీస్ చేయండి, అదే వస్తుంది' అంటున్నారు. రోజూ అరగంట చేస్తూనే ఉన్నాను. నా వేళ్లు కాస్త పొట్టివి. వయసు మించిపోయిందా, వేళ్ల లోపమా, లేక నేను చేసే పద్ధతే తప్పా?

జవాబు: పద్ధతే. వయసుదీ వేళ్లదీ తప్పేం లేదు. వేళ్ల సంగతి తర్వాత చెప్తాను, ముందు పద్ధతి చూద్దాం.

మీ అరగంట ఎలా గడుస్తోందో ఊహించగలను. జి పట్టుకుంటారు. ఒక్కో తీగా మీటి అన్నీ పలుకుతున్నాయో లేదో చూసుకుంటారు. పలికాక చెయ్యి తీసేసి, కాసేపాగి సి పట్టుకుంటారు. మళ్లీ ఒక్కో తీగా చూస్తారు. ఇలా కార్డ్ పట్టుకోవడం చాలాసార్లు అవుతుంది కానీ, జి నుంచి సికి వెళ్లడం మాత్రం మొత్తం కలిపినా పట్టుమని ఐదు నిమిషాలు ఉండదు. అది కూడా తాళంతో పని లేకుండా, తీరిగ్గా. చెయ్యి మనం చేయించిందే నేర్చుకుంటుంది. పట్టుకోవడం, ఆగడం, వెతుక్కోవడం, మళ్లీ పట్టుకోవడం దానికి బాగా అలవాటైపోయింది. పాటలోనూ అదే చేస్తోంది. ప్రాక్టీస్ చేయమన్నవాళ్లు చెప్పింది నిజమే, ఏది చేయాలో చెప్పలేదంతే.

ఇకనుంచి కార్డ్స్‌ని ఒక్కొక్కటిగా కాకుండా జతలుగా నేర్చుకోండి. మీకు వచ్చిన ఐదింటితో పది జతలు అవుతాయి. అన్నీ ఒకేసారి అక్కర్లేదు, మీరు వాయించాలనుకునే పాటలో వచ్చేవి చాలు. ప్రతి జతకీ దాని కిటుకు దానికి ఉంటుంది. ఆ కిటుకు తెలిస్తే సగం వెతుకులాట పోతుంది. అందుకే ఈ ఉత్తరంలో ఎక్కువ చోటు దీనికే ఇస్తున్నాను. గిటార్ ఒళ్లో పెట్టుకుని చదవండి, లేకపోతే తల తిరుగుతుంది.

సన్న తీగ ఒకటోది, అన్నిటికంటే లావుది ఆరోది. ఫ్రెట్ అంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ; లెక్క గిటార్ తల వైపు నుంచి. 'మొదటి ఫ్రెట్‌లో' అంటే ఆ కడ్డీకి తల వైపున్న గదిలో నొక్కాలని. ఇవి గుర్తుంచుకుంటే చాలు.

తేలికదాంతో మొదలుపెడదాం. ఏ మైనర్ పట్టుకోండి: చూపుడు వేలు రెండో తీగ మొదటి ఫ్రెట్‌లో, మధ్య వేలు నాలుగో తీగ రెండో ఫ్రెట్‌లో, ఉంగరం వేలు మూడో తీగ రెండో ఫ్రెట్‌లో. ఇప్పుడు సికి వెళ్లాలి. చాలామంది మొత్తం చెయ్యి ఎత్తేసి మళ్లీ మొదటి నుంచి కడతారు. అవసరమే లేదు. చూపుడు, మధ్య వేళ్లు సిలో కూడా అక్కడే ఉంటాయి. ఉంగరం వేలు ఒక్కటే మూడో తీగ వదిలేసి ఐదో తీగ మూడో ఫ్రెట్‌కి వెళ్తుంది. కదలాల్సింది ఒక్క వేలు. మిగతా రెండూ తీగల మీదే ఉన్నాయి కాబట్టి వెతుక్కోవడానికి ఏమీ లేదు.

ఇక మిమ్మల్ని ఏడిపిస్తున్న జి, సి. మీరు జిని ఏ వేళ్లతో పడుతున్నారో రాయలేదు. చాలామందికి మొదట నేర్పేది మధ్య వేలు ఆరో తీగ మీద, చూపుడు వేలు ఐదో తీగ మీద, ఉంగరం వేలు ఒకటో తీగ మీద పెట్టే జి. మీదీ అదే అయి ఉంటుందని నా అనుమానం. ఆ జి తప్పు కాదు కానీ, దాన్నుంచి సికి వెళ్లాలంటే మూడు వేళ్లూ మూడు దిక్కులకి పరుగెత్తాలి. బదులుగా ఇలా పట్టుకోండి: ఉంగరం వేలు ఆరో తీగ మూడో ఫ్రెట్‌లో, మధ్య వేలు ఐదో తీగ రెండో ఫ్రెట్‌లో, చిటికెన వేలు ఒకటో తీగ మూడో ఫ్రెట్‌లో. చిటికెన వేలు కొన్నాళ్లు మొండికేస్తుంది, వేయనివ్వండి. ఇప్పుడు సి కావాలంటే ఉంగరం వేలు ఆరు నుంచి ఐదో తీగకి, మధ్య వేలు ఐదు నుంచి నాలుగో తీగకి దిగితే సరిపోతుంది. ఫ్రెట్ మారదు, రెండు వేళ్ల మధ్య దూరం మారదు. రెండూ కలిసి ఒక తీగ కిందికి జరుగుతాయి. చిటికెన వేలు లేస్తుంది, చూపుడు వేలు రెండో తీగ మొదటి ఫ్రెట్‌లో వాలుతుంది.

అదే రెండు వేళ్లని ఇంకో తీగ కిందికి దించండి. ఉంగరం వేలు నాలుగో తీగ మూడో ఫ్రెట్, మధ్య వేలు మూడో తీగ రెండో ఫ్రెట్. చూపుడు వేలు కదలకుండా సిలో ఉన్నచోటే ఉంది. ఐదు, ఆరు తీగలు వదిలేసి కింది నాలుగు మీటి చూడండి. ఇది ఎఫ్ మేజర్ సెవెన్. చూపుడు వేలు అడ్డంగా పరిచి ఆరు తీగలూ నొక్కే అసలు ఎఫ్ వచ్చేదాకా చాలా పాటల్లో ఇది పనికొస్తుంది. కాస్త మెత్తగా, తేలిపోయినట్టు వినిపిస్తుంది కానీ పాట ఆగదు. అంటే జి, సి, ఈ ఎఫ్ మూడూ నిచ్చెన మెట్లు దిగినట్టు ఒకే కదలిక. ఎఫ్ అనగానే గిటార్ పక్కన పెట్టేసేవాళ్లకి ఇది ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది నాకు.

డి వచ్చేసరికి జి మళ్లీ వేషం మార్చాలి. జి నుంచి డికి ఎక్కువగా తిరిగే పాటైతే నాలుగు వేళ్ల జి పట్టుకోండి: మధ్య వేలు ఆరో తీగ మూడో ఫ్రెట్, చూపుడు వేలు ఐదో తీగ రెండో ఫ్రెట్, ఉంగరం వేలు రెండో తీగ మూడో ఫ్రెట్, చిటికెన వేలు ఒకటో తీగ మూడో ఫ్రెట్. డిలో ఉంగరం వేలి చోటు సరిగ్గా అదే, రెండో తీగ మూడో ఫ్రెట్. అది కదలదు. మిగతావి దాని చుట్టూ సర్దుకుంటాయి.

ఇ మైనర్ కూడా అంతే. రెండు వేళ్ల కార్డ్ కదా అని ఎలా పెడితే అలా పెట్టేస్తాం. తర్వాత సికో ఏ మైనర్‌కో వెళ్లాలంటే చూపుడు వేలు ఐదో తీగ మీద, మధ్య వేలు నాలుగో తీగ మీద ఉంచండి. ఆ రెండు కార్డ్స్‌లోనూ మధ్య వేలు నాలుగో తీగ రెండో ఫ్రెట్‌లోనే ఉంటుంది కాబట్టి దాన్ని ఎత్తే పని లేదు. తర్వాత వచ్చేది ఉంగరం వేలితో పట్టే జి అయితే, ఇ మైనర్‌ని మధ్య, ఉంగరం వేళ్లతో పట్టండి. అప్పుడు ఐదో తీగ మీది మధ్య వేలు జిలోకి అలాగే వెళ్తుంది. ఒక కార్డ్‌కి ఏ వేళ్లు వాడాలన్నది ఆ తర్వాత ఏ కార్డ్ వస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది. చార్ట్‌లో చూపించేది ఒక్క పద్ధతే.

సి నుంచి డికి మాత్రం ఇలాంటి అదృష్టం లేదు. ఏ వేలూ ఉన్నచోట ఉండదు. ఇలాంటి జతల్లో ఉంగరం వేలిని ముందు పంపండి. ఐదో తీగ మూడో ఫ్రెట్ నుంచి రెండో తీగ మూడో ఫ్రెట్‌కి. ఫ్రెట్ అదే కాబట్టి దానికి దారి తెలుసు. చూపుడు, మధ్య వేళ్లు దాని వెనకే వస్తాయి.

ఏ వేలు ముందు వాలాలన్నదాని మీద గురువుల మధ్య రెండు మాటలున్నాయి. అన్ని వేళ్లూ ఒకేసారి దిగాలని కొందరు, ఒక వేలు ముందు దిగి మిగతావాటికి దారి చూపాలని కొందరు. చివరికి చేరాల్సింది మొదటిదానికే. మొదట్లో మాత్రం లావు తీగ వైపు వేలు ముందు పెట్టడమే మేలని నా ఉద్దేశం. కారణం ఉంది. కిందికి మీటినప్పుడు చెయ్యి లావు తీగల్ని ముందు తాకుతుంది. సిలో చాలామంది చూపుడు వేలు ముందు పెట్టి, ఉంగరం వేలు చివర్న పెడతారు. అంటే చెయ్యి ముందుగా తాకే తీగ అన్నిటికంటే ఆలస్యంగా సిద్ధమవుతోంది. వరస తిరగేసి ఉంగరం వేలు ముందు పెడితే, సన్న తీగ వైపు వేలు కాస్త ఆలస్యమైనా వినేవాళ్లకి పెద్దగా తెలియదు.

ఇక ఇది చెయ్యికి ఎక్కించడం ఎలా? రెండు రకాలుగా చేయాలి, రెండూ కలపకూడదు.

మొదటిదానికి తాళం వద్దు. జి పట్టుకుని మీటండి. వేళ్లు విప్పకుండా, అదే ఆకారంలో తీగల మీంచి ఒక సెంటీమీటర్ పైకి లేపండి. మళ్లీ అలాగే దించండి. కొన్నిసార్లు చేశాక, గాల్లో ఉండగానే సి ఆకారంలోకి మార్చి దించండి. ఎంత నెమ్మదిగా అయినా పర్లేదు కానీ తప్పు తీగ మీద దించొద్దు. దించబోయే ముందు అనుమానం వస్తే గాల్లోనే ఆగండి. వేళ్లు ఎంత ఎత్తుకి లేస్తున్నాయో కూడా గమనించండి. కంగారులో వేళ్లు తీగల మీంచి బాగా దూరం ఎగిరిపోతాయి, మళ్లీ అంత దూరం దిగిరావాలి. ఆలస్యంలో కొంత వాటా దానిదే.

రెండోదానికి తాళమే ముఖ్యం, శుద్ధి కాదు. ఫోన్‌లో మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని తాళం వేసే) ఆప్ నిమిషానికి 60 దగ్గర పెట్టండి. ఒకటో లెక్కకి జి ఒక్కసారి మీటి, రెండు, మూడు, నాలుగు లెక్కల్లో సికి వెళ్లండి. మళ్లీ ఒకటి వచ్చినప్పుడు ఎడమ చేతిలో ఏముంటే అది మీటేయండి. రెండు వేళ్లే దిగాయా? మీటండి. ఒక్క వేలే దిగిందా? అయినా మీటండి. ఆగి సరిచేసుకోవడం ఇక్కడ నిషిద్ధం. వరసగా నాలుగైదు సార్లు చెత్తగా వినిపిస్తుంటే వేగం 50కి దించండి. బాగా కుదిరితే ఒకటికీ మూడుకీ కార్డ్ మార్చండి. ఆ తర్వాత నాలుగు లెక్కలకీ మీటుతూ, మళ్లీ ఒకటి వచ్చేసరికి మారండి. మూడో లెక్క దగ్గర రాబోయే కార్డ్ పేరు పైకి అనండి. చూసేవాళ్లు నవ్వుకున్నా సరే. చెయ్యి ఆగే చోట్లలో చాలావాటికి కారణం వేళ్లు కాదు, తర్వాత ఏమిటో మనసుకి ఆఖరి క్షణంలో గుర్తుకు రావడం.

ఎదుగుదల కనిపించాలంటే ఒక నిమిషం టైమర్ పెట్టుకుని, ఒక జత మధ్య ఎన్నిసార్లు మారగలిగారో లెక్కపెట్టి రాసుకోండి. చాలామంది గురువులు ఒక జతకి నిమిషానికి 60 మార్పుల్ని గురిగా పెడతారు. 30 దాటితే నెమ్మది పాటలకి సరిపోతుంది. అందుకే మొదటి లక్ష్యం అదే పెట్టుకోండి. జతల వారీగా అంకెలు రాసుకుంటే ఏది వెనకబడిందో తెలిసిపోతుంది. లేకపోతే వచ్చినదాన్నే మళ్లీ మళ్లీ వాయించుకుని సంబరపడుతుంటాం.

ఇప్పుడు కుడి చెయ్యి. మీరు ఆపుతున్నది పాటని కాదు, ఈ చేతిని. ఎడమ చెయ్యి ఆలస్యం కాగానే కుడి చెయ్యి మర్యాదగా ఆగి దాని కోసం ఎదురుచూస్తోంది. ఆ మర్యాద మాన్పించాలి. ఎడమ చేతి వేళ్లన్నీ తీగల మీద నొక్కకుండా ఊరికే ఆనించండి. కుడి చేతితో కిందికీ పైకీ మీటండి. స్వరం రాదు, టకటకమని తాళం మాత్రం వస్తుంది. అలా కొంతసేపు మీటుతూ, చెయ్యి ఆపకుండానే ఎడమ చేత్తో ఒక కార్డ్ పట్టుకోండి, మళ్లీ వదిలేయండి. ఎడమ చెయ్యి ఏం చేసినా కుడి చెయ్యి ఊగుతూనే ఉండాలి.

ఇంకో సంగతి, కొత్తవాళ్లకి ఎవరూ సరిగ్గా చెప్పనిది. నాలుగు లెక్కలూ కార్డ్ పూర్తిగా పట్టి ఉంచి, ఐదో లెక్కకి రెప్పపాటులో మారిపోవాలని మీరు అనుకుంటూ ఉండొచ్చు. అంత వేగం ఎవరికీ లేదు. అనుభవం ఉన్నవాళ్లు వాయిస్తుంటే జాగ్రత్తగా వినండి. నాలుగో లెక్క తర్వాత పైకి మీటే ఆఖరి సగం లెక్కలో చాలాసార్లు వాళ్ల వేళ్లు అప్పటికే లేచి ఉంటాయి. ఆ క్షణంలో పలికేది ఖాళీ తీగలు. తాళం ఆగలేదు కాబట్టి మన చెవి దాన్ని తప్పుగా తీసుకోదు. మీరూ ఆ సగం లెక్క ఎడమ చేతికి ఇచ్చేయండి.

నొక్కడం గురించి కూడా చూసుకోండి. గట్టిగా నొక్కిన వేలు తీగని వదలడానికి కూడా ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఒక తీగ మీద వేలు ఊరికే ఆనించి మీటుతూ, బరువు కొంచెం కొంచెం పెంచుతూ పోండి. స్వరం తేటగా వచ్చిన చోట ఆగండి. అంతకంటే అక్కర్లేదు. మీరు ఇప్పుడు నొక్కుతున్నది దానికి రెట్టింపు ఉన్నా ఆశ్చర్యపోను. వేలు ఫ్రెట్ గదికి మధ్యలో కాకుండా, బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు బిగించి ఉండే చోటు) వైపు లోహపు కడ్డీకి దగ్గరగా పెడితే ఇంకా తక్కువ బలం సరిపోతుంది. వేళ్ల కొనలు మొదటి వారాల్లో నొప్పి పెట్టడం మామూలే, చర్మం గట్టిపడితే పోతుంది. మణికట్టులో నొప్పి, వేళ్లలో తిమ్మిరి మాత్రం మామూలు కాదు. అవి వస్తే ఆపేయండి. గిటార్‌ని తమ వైపు వెల్లకిలా వంచుకుని వేళ్లు చూసుకుంటూ వాయించేవాళ్లలో మణికట్టు బాగా మడతపడుతుంది, అదేమైనా ఉందేమో చూసుకోండి.

వేళ్లు పొట్టివన్నారు. మామూలు అకూస్టిక్ గిటార్‌లో నట్ (మెడ చివర, తల దగ్గర తీగలు ఆనే గాడుల పట్టీ) నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు దాదాపు 65 సెంటీమీటర్లు. ఆ లెక్కన సి కార్డ్‌లో చూపుడు వేలికీ ఉంగరం వేలికీ మధ్య చాపాల్సింది సుమారు ఆరేడు సెంటీమీటర్లు. ఎక్కువమంది పెద్దవాళ్ల చేతికి అది అందుతుంది. చిన్న సైజు గిటార్లలో ఇంకా తక్కువ. జాంగో రైన్‌హార్ట్ అనే జాజ్ గిటారిస్టుకి 1928లో తను ఉంటున్న బండికి నిప్పంటుకుని ఎడమ చేతి ఉంగరం వేలు, చిటికెన వేలు దెబ్బతిన్నాయి. ఆ తర్వాత సోలోలు ప్రధానంగా మిగిలిన రెండు వేళ్లతోనే వాయించాడు. పోల్చుకోమని కాదు. ఉన్న వేళ్లకి తగిన ఆకారాలు వెతుక్కోవచ్చని చెప్పడానికి.

వేళ్ల కంటే ముందు గిటార్‌నే అనుమానించాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఆరో తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఎత్తు కొలవండి. రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే సరే. మూడు బాగా దాటితే మీరు గిటార్‌తో కుస్తీ పడుతున్నట్టే. తెలిసినవాళ్ల చేత సెటప్ (తీగల ఎత్తు సరిచేయడం) చేయించండి. ఇంకో పరీక్ష: రెండో ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, దాని పక్కనుంచి అవే కార్డ్స్ పట్టుకోండి. కొంచెం తేలికవడం సహజం, ఎందుకంటే ఫ్రెట్లు అక్కడ ఇరుకు. ఒక్కసారిగా హాయిగా అనిపిస్తే మాత్రం మీ గిటార్‌లో నట్ ఎత్తుగా ఉండి ఉంటుంది, అది సరిచేయించుకోవచ్చు. ఈలోపు కాపోతోనే సాధన చేసినా తప్పు లేదు. స్వరం రెండు ఫ్రెట్ల మేర పెరుగుతుంది, అంతే తేడా. తీగలు మార్చేటప్పుడు 12 బదులు 10 నంబరుతో మొదలయ్యే సన్న సెట్ వేయించుకుంటే వేళ్లకి ఇంకా సుఖం.

వయసు గురించి ఒక్క మాట. 36 ఏళ్ల చేతికి ఇవన్నీ వస్తాయి. పిల్లలతో పోలిస్తే పెద్దవాళ్లకి ఉన్న ఇబ్బంది ఓపిక లేకపోవడం. మూడో రోజే పాట మొత్తం వాయించేయాలనుకుంటాం.

మీ అరగంటని ఇలా పంచుకోండి. వీలైతే ఒకేసారి కాకుండా పొద్దున పది నిమిషాలు, సాయంత్రం ఇరవై. పొద్దున ఒకే జత, మొదట గాల్లో వేళ్లు లేపే పని, తర్వాత మెట్రోనోమ్. సాయంత్రం ఇంకో జత, చివర్లో పాట. ఈ వారానికి ఏ మైనర్–సి, జి–సి చాలు. పాటలో ఎక్కడైనా తడబడితే మొదటికి వెళ్లి అందుకోకండి. తడబడిన కార్డ్‌కి ముందు రెండు లెక్కలు, తర్వాత రెండు లెక్కలు, ఆ ముక్కని మాత్రమే తిప్పి తిప్పి వాయించండి. పాట వీడియోతో కలిసి వాయించాలనుంటే యూట్యూబ్‌లో వేగం 0.75కి తగ్గించుకోండి, శ్రుతి మారదు. రాత్రి ఎంతకీ కుదరనిది కొన్నిసార్లు పొద్దున్నే చక్కగా వచ్చేస్తుంది. నేర్చుకున్న కదలికలు నిద్రలో కుదురుకుంటాయి కాబట్టి, కుదరని రాత్రి పంతానికి పోయి గంటలు కూర్చోకండి.

పూర్తి ఎఫ్ ఇప్పుడే వద్దు. జి–సి నిమిషానికి 30 దాటాక, చూపుడు వేలిని ఒకటి, రెండు తీగల మీద మాత్రమే పరిచే చిన్న ఎఫ్‌తో మొదలుపెట్టండి. మూడు వారాల తర్వాత కూడా ఏదైనా జత దగ్గర చెయ్యి ఆగుతుంటే మళ్లీ రాయండి. ఏ రెండు కార్డ్స్ మధ్య, ఏ వేలు అన్నిటికంటే చివర్న వాలుతోంది, జి ఏ వేళ్లతో పడుతున్నారు, ఈ మూడూ తప్పకుండా రాయండి.